రెండు రోజుల సముద్రం: నల్లగొండ, పాలమూరు నుంచి ఏ తీరానికి, ఎలాంటి ఇంటికి?

మన దగ్గర కృష్ణ ఉంది, మూసీ ఉంది, ఊరూరా చెరువుంది. సముద్రం మాత్రం లేదు. శని, ఆదివారాలు కలిసొస్తే చాలు, పిల్లలు బీచ్ అంటారు. పెద్దవాళ్లు సముద్ర స్నానం చేసి ఎన్నాళ్లైందో గుర్తు చేసుకుంటారు. అప్పుడు ఫోన్ తీసి సూర్యలంక, వాడరేవు, మంగినపూడి, కొత్తపట్నం అని ఒక్కో పేరూ చూస్తూ కూర్చుంటాం. ఫొటోల్లో అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అన్నిచోట్లా నీలం నీళ్లు, అన్నిచోట్లా సాయంత్రపు వెలుగు.

ఫొటోలు చూసి తీరం ఎంచుకుంటే సగం ప్రయాణాలు చెడతాయి. మొదట లెక్కేయాల్సింది గంటలు. రెండోది మీరు దిగే ఇల్లు. మూడోదే తీరం. ఈ వరుస తలకిందులైతే ఆదివారం రాత్రి అందరూ అలసిపోయి, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ ఇంటికొస్తారు.

గంటల లెక్క

శనివారం పొద్దున నాలుగింటికి బయల్దేరి ఆదివారం రాత్రి పదికల్లా ఇంట్లో ఉండాలంటే మీ చేతిలో ఉన్నది 42 గంటలు. అందులో నిద్రకు 8 తీసేయండి. ఒకవైపు ప్రయాణం ఐదు గంటల లోపైతే తీరంలో గడపడానికి రెండు పొద్దులు, ఒక సాయంత్రం మిగులుతాయి. ఏడు గంటలైతే మిగిలేది ఒక సాయంత్రం, ఒక పొద్దు. ఎనిమిది దాటిందంటే అది వారాంతపు విహారం కాదు, కారులో కూర్చోవడమే.

నల్లగొండ, మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వాళ్లకు దగ్గరి సముద్రం చీరాల వైపుదే. మిర్యాలగూడ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల చేరతారు. పిడుగురాళ్ల నుంచి వాడరేవు దాకా ఉన్నది 167ఏ నంబరు జాతీయ రహదారి. నల్లగొండ నుంచి వాడరేవుకు దాదాపు 200 కిలోమీటర్లు. టిఫిన్ కోసం ఒకసారి ఆగినా ఐదు గంటల్లో అలల ముందుంటారు. బాపట్ల దగ్గరి సూర్యలంక చీరాల నుంచి మరో పాతిక కిలోమీటర్లు.

సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లకు లెక్క వేరు. 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట నుంచి విజయవాడ మీదుగా నేరుగా మచిలీపట్నం పోతుంది. అక్కడి నుంచి మంగినపూడి 11 కిలోమీటర్లు. సూర్యాపేట నుంచి మొత్తం 220 వరకు వస్తుంది. రోడ్డు వెడల్పుగా ఉంటుంది కానీ విజయవాడ ఊళ్లోకి పట్టపగలు దూరితే ముప్పావు గంట పోతుంది. పొద్దున ఏడులోపు విజయవాడ దాటేలా బయల్దేరండి.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి వాళ్లకు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. 167వ నంబరు రహదారి మీద కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడ మీదుగా పోతే మహబూబ్‌నగర్ నుంచి వాడరేవుకు దాదాపు 350 కిలోమీటర్లు. ఏడు గంటలకు తగ్గదు. రెండు రోజులకు ఇది ఎక్కువ. మూడు రోజుల సెలవు దొరికితేనే పోవాలి. లేదంటే శుక్రవారం సాయంత్రం బయల్దేరి రాత్రి నాగార్జునసాగర్‌లో ఆగి, శనివారం తెల్లవారుజామున మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల మీదుగా మిగిలిన దారి పట్టాలి. రాత్రంతా ఒక్కరే డ్రైవింగ్ చేసి తెల్లారేసరికి చేరదామన్న ఆలోచన మానుకోండి. నిద్రమత్తు ఎక్కువగా ముంచుకొచ్చేది తెల్లవారుజామునే. ఆ వేళకు మీరుండేది ధాన్యం లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల మీద.

గద్వాల, వనపర్తి వాళ్లు కర్నూలు, నంద్యాల, గిద్దలూరు మీదుగా ఒంగోలు దిగి కొత్తపట్నం పోవచ్చు. అదీ ఆరున్నర, ఏడు గంటల దారే. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వాళ్లకు శ్రీశైలం, దోర్నాల మీదుగా ఒంగోలు దగ్గరనిపిస్తుంది. అయితే అమ్రాబాద్ పులుల అడవిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. నాలుగింటికి ఇంట్లోంచి బయల్దేరినా గేటు ముందు కూర్చోవాల్సిందే. ఆ ఒక్క కారణంతో శనివారం పొద్దు మొత్తం పోతుంది.

ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు, చంటిపిల్లలు ఉండి, చేతిలో రెండే రోజులుంటే పాలమూరు వాళ్లు సముద్రాన్ని ఈసారికి వాయిదా వేసి కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు పోవడం మేలు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు అక్కడ కంటి మేర కనిపిస్తాయి. పర్యాటక శాఖ కాటేజీలు ఒడ్డునే ఉన్నాయి.

రైలు ఎవరికి లాభం

నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు రైలు మంచి దారి. చాలామంది దాన్ని పట్టించుకోరు. లింగంపల్లి నుంచి గుంటూరు, తెనాలి మీదుగా తిరుపతి పోయే నారాయణాద్రి ఈ దారిలోనే చీరాలలో ఆగుతుంది. రాత్రి నల్లగొండలో ఎక్కితే అర్ధరాత్రి దాటాక దింపుతుంది. అందుకే చిక్కు. ఆ వేళకు ఇంటి తాళం ఎవరిస్తారో ముందే మాట్లాడుకోకపోతే స్టేషన్ బెంచీ మీద తెల్లారుతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం ఈ రైలు బాగా కుదురుతుంది. ఆదివారం రాత్రి చీరాలలో ఎక్కితే సోమవారం తెల్లవారకముందే నల్లగొండలో దిగి, స్నానం చేసి డ్యూటీకి పోవచ్చు.

2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ నల్లగొండలోనూ ఒంగోలులోనూ ఆగుతుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం కాకముందే ఒంగోలులో ఉంటారు. మరునాడు సాయంత్రం అదే రైలు మళ్లీ రాత్రికి నల్లగొండ చేరుస్తుంది. చిన్న కుటుంబానికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. టికెట్ ధర కారు డీజిల్ కన్నా ఎక్కువనిపిస్తే పోయేవాళ్లందరికీ లెక్క కట్టి చూడండి. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారుకు ఒంగోలు రానూపోనూ 450 నుంచి 500 కిలోమీటర్లకు 30 లీటర్లు దాటుతుంది. పైన టోల్. మనుషులు తగ్గేకొద్దీ రైలు లాభం. పెరిగేకొద్దీ కారు లాభం. రైలు వేళలు, ఆగే స్టేషన్లు మారుతుంటాయి, టికెట్ తీసేముందు ఒకసారి సరిచూసుకోండి.

ఇల్లు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

తీరంలో దిగడానికి నాలుగు రకాల చోట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ హరిత రిసార్టు, ప్రైవేటు రిసార్టు కాటేజీ, మొత్తం ఇల్లు అద్దెకు తీసుకోవడం, ఊళ్లో లాడ్జి.

సూర్యలంకలో హరిత రిసార్టు ఇసుకను ఆనుకునే ఉంది. గదిలోంచి నడిచి నీళ్లలోకి పోవచ్చు. ఇద్దరు ముగ్గురికి, మొదటిసారి పోయేవాళ్లకు ఇది సరిపోతుంది. సెలవు రోజుల్లో చాలా ముందే నిండిపోతుంది, కాబట్టి పదిహేను ఇరవై రోజుల ముందే చూసుకోవాలి. ప్రైవేటు రిసార్టులు చీరాల పక్కన రామాపురం తీరంలో వరుసగా ఉన్నాయి. ఈత కొలను, రెస్టారెంటు, రాత్రి పాటలు అన్నీ ఉంటాయి. యువకుల గుంపుకు బాగుంటుంది. పెద్దవాళ్లను తీసుకుపోతే ఆ పాటలు రాత్రి ఎన్నింటికి ఆపుతారో అడిగి మరీ బుక్ చేయండి.

ఎనిమిది, పది మంది ఉన్న ఇంటికి మా సలహా మాత్రం మూడోది. రెండు పడకగదులు, ఒక వంటగది, చుట్టూ ప్రహరీ ఉన్న మామూలు ఇల్లు. హంగులు అక్కర్లేదు. నాలుగు గదుల రిసార్టు అద్దెకు, ఆ ఇంటి అద్దెకు తలా ఎంత పడుతుందో లెక్కవేస్తే తేడా అక్కడే తెలుస్తుంది. అంతకన్నా పెద్ద లాభం వంటగది. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు వేళకు తిండి పెట్టవచ్చు. జొన్నరొట్టె లేనిదే పూట గడవని తాతకు రొట్టె చేసి పెట్టవచ్చు. తీరంలో కొన్న చేపను మీ చేతి రుచితో వండుకోవచ్చు.

ఇంకో లాభం వేళలది. దీన్ని ఎవరూ ముందు గమనించరు. చాలా రిసార్టుల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం 12కో 2కో, ఖాళీ చేయమనేది మరునాడు 10కో 11కో. నాలుగింటికి లేచి తొమ్మిదింటికి చేరినవాళ్లు మూడు నుంచి ఐదు గంటలు సామాన్లతో, నిద్రకు ఏడ్చే పిల్లలతో కారులో కూర్చోవాలి. ఆదివారం సముద్ర స్నానం చేసొచ్చేసరికి ఖాళీ చేయమని తలుపు కొడతారు. మొత్తం ఇంటి యజమాని అయితే ముందు రోజు ఎవరూ లేకుంటే పొద్దునే తాళం ఇస్తాడు, ఆదివారం మధ్యాహ్నం వరకు ఉండనిస్తాడు. రెండు చోట్ల అద్దె ఒకటే అయినా ఇంట్లో మీకు దొరికే గంటలు ఎక్కువ. ఫోన్లో మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, తాళం ఎన్నింటికిస్తారు, ఎన్నింటికి తీసుకుంటారు అని అడగండి.

తర్వాత అడగాల్సింది నీళ్ల గురించి. తీరానికి దగ్గరి బోర్లలో చాలావాటికి ఉప్పునీళ్లే వస్తాయి. సబ్బు నురగ రాదు, జుట్టు జిగటగా అయిపోతుంది, పప్పు ఎంతకీ ఉడకదు. ఉప్పునీళ్లతో గీజర్ కాయిల్‌కు గార పట్టి కాలిపోతుంది కాబట్టి చాలా ఇళ్లలో గీజర్ గోడకు ఉంటుంది గానీ పనిచేయదు. స్నానానికి మంచినీళ్ల ట్యాంకు వేరే ఉందా, ఎన్ని లీటర్లది అని అడగండి. ఎనిమిది మంది సముద్రంలో ఆడి వచ్చి ఉప్పు, ఇసుక కడుక్కోవడానికి పూటకు 300 లీటర్లు సులువుగా పడతాయి. 500 లీటర్ల ట్యాంకు, రోజుకు ఒక్కసారే నింపే ఇల్లు మీకు చాలదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే ఎనిమిది మందికి రెండు రోజులకు 64 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. మూడు చెప్పి చూద్దాం అనుకుంటే ఆదివారం పొద్దున టీకి నీళ్లుండవు.

మూడోది కరెంటు. ఉప్పుగాలి ఇనుమును, రాగిని త్వరగా తినేస్తుంది. బయట పెట్టిన ఏసీ యూనిట్ రెండు మూడేళ్లకే తుప్పు పట్టి గాలి చల్లబడదు. స్విచ్‌బోర్డుల్లో చిటచిట శబ్దం వస్తుంది. ఏసీ ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. అందుకని ఏసీ 20 డిగ్రీల మీద పెట్టి పావుగంట తర్వాత వీడియో తీసి పంపమనండి. అదే వీడియోలో స్నానాలగది కుళాయి తిప్పి చూపమనండి, ఫ్యాన్లు తిప్పమనండి, పొయ్యి వెలిగించమనండి. ఫొటోలు మూడేళ్ల కిందటివి కావచ్చు. అప్పటికప్పుడు తీసిన వీడియోలో ఏదీ దాగదు. ఇన్వర్టర్ ఉందో లేదో కూడా కనుక్కోండి. తీరంలో గాలి హోరెత్తినప్పుడు కరెంటు పోతే దోమలకు నిద్రుండదు. ఒక్క ఫ్యాన్ తిరిగినా రాత్రి గడుస్తుంది.

నాలుగోది దూరం. సముద్రానికి ఎదురుగా అని రాసినదంతా ఎదురుగా ఉండదు. తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం పల్లె తీరాల్లో పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త ఇళ్లకు సాధారణంగా అనుమతి దొరకదు. కాబట్టి సక్రమంగా కట్టిన ఇల్లు ఇసుకకు కాస్త ఎడంగానే ఉంటుంది. అది తప్పేం కాదు. 300 నుంచి 600 మీటర్లు నడక అయితే మంచి దూరమే. పైగా మధ్యలో సరుగుడు తోట ఉంటే ఉప్పుగాలి, ఇసుక ఇంట్లోకి తక్కువ వస్తాయి. కిలోమీటరు దాటితే మాత్రం ప్రతిసారీ కారు తీయాలి. తడి బట్టలతో, ఇసుక కాళ్లతో కారెక్కాలి. ఇంటి లొకేషన్ ఫోన్‌కు పంపించుకుని, అక్కడి నుంచి నీళ్ల దాకా మీరే మ్యాపులో కొలవండి.

ఇంకొన్ని చిన్న విషయాలున్నాయి, కానీ ఇవే రాత్రి నిద్రను నిర్ణయిస్తాయి. కిటికీలకు దోమల జాలీ ఉందా? వాకిట్లో కాళ్లు కడుక్కునే కుళాయి ఉందా? అది లేకుంటే గంటలో మంచాల మీద ఇసుక చేరుతుంది, స్నానాలగది కాలువ పూడుకుపోతుంది. పరుపులకు చెమ్మ వాసన వస్తుందా? వానాకాలం తర్వాత తీరపు ఇళ్లలో పరుపులు ఆరవు. కాబట్టి నాలుగు పాత దుప్పట్లు మీవే పట్టుకుపోండి. సిలిండర్ ఎత్తి చూడండి. 14.2 కిలోల గ్యాసుంటే ఇనుముతో కలిపి దాదాపు 29, 30 కిలోల బరువుంటుంది. ఒక చేత్తో సులువుగా లేస్తే అందులో గ్యాసు అడుగంటినట్టే.

డబ్బు విషయంలో ఒకటే జాగ్రత్త. తెలియని నంబరుకు మొత్తం అద్దె ముందే పంపొద్దు. మూడో వంతు అడ్వాన్సు ఇచ్చి, మిగిలింది తాళం చేతికొచ్చాక ఇవ్వండి. ఇంటి దగ్గరుండే కాపలా మనిషి నంబరు అడిగి, యజమానితో సంబంధం లేకుండా అతనితో ఒకసారి మాట్లాడండి. అలాంటి మనిషే లేడంటే ఆ ఇల్లే లేకపోవచ్చు. ఎంతమందికి అద్దె, తలకాయ పెరిగితే ఎంత, ఇంట్లో చేపలు శుభ్రం చేయనిస్తారా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. మాటల్లో ఒప్పుకున్నది ఆదివారం మధ్యాహ్నానికి మారిపోతుంటుంది.

ఊళ్లో లాడ్జి సంగతి చిన్నదే. చీరాల, బాపట్ల, ఒంగోలులో ఏ సమయంలో అయినా గది దొరుకుతుంది. అర్ధరాత్రి రైలు దిగేవాళ్లకు మొదటి రాత్రికి అదే సరైనది. సముద్రం మాత్రం ఆటో దూరంలో ఉంటుంది.

తీరాలను పోల్చుకుంటే

సూర్యలంకకు పేరు ఎక్కువ, జనం ఎక్కువ. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్ల లోపు. ఆదివారం మధ్యాహ్నం నుంచి గుంటూరు, తెనాలి బస్సులన్నీ అక్కడే దిగుతాయి. కార్తీక మాసంలో, మాఘ పౌర్ణమికి అయితే ఇసుక కనిపించదు. పర్వదిన స్నానం కావాలనుకునే పెద్దవాళ్లకు ఆ సందడే ఇష్టం. నిశ్శబ్దం కోరేవాళ్లు ఆ రోజులు తప్పించాలి. పోలీసులు అలలు ఎక్కువగా ఉన్న రోజుల్లో నీళ్లలోకి దిగనివ్వరు, ఆ మాట వినాలి.

వాడరేవు, రామాపురం రెండూ చీరాలకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపే. వాడరేవు జాలరుల పల్లె. పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు పోతే చేపలు నేరుగా కొనుక్కోవచ్చు. వెనక లైట్‌హౌస్ ఉంది. రామాపురం వైపు ఇసుక శుభ్రంగా ఉంటుంది, మొత్తం ఇళ్లు దొరికేది కూడా అటే. ఇంటి ఆడవాళ్లు చీరాల దాకా వచ్చి చేనేత చూడకుండా ఊరుకోరు. కుప్పడం చీరలు అక్కడి మగ్గాల మీదివే. శనివారం సాయంత్రం ఒక గంట దానికి కేటాయించండి. ఇంకో మాట. చీరాలకు దక్షిణాన చినగంజాం వైపు మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో సముద్ర వర్తకులకు అభయమిచ్చి శాసనం వేయించిన రేవు అదే. ఓరుగల్లు రాజులకు సముద్రపు తలుపు అక్కడ ఉండేది. పిల్లలకు ఆ మాట చెప్పి, అక్కడి వీరభద్రస్వామి గుడి చూపిస్తే బడి పుస్తకంలో చదివిన చరిత్ర వాళ్లకు కళ్లముందు నిలబడుతుంది.

మంగినపూడి గుణం వేరు. నేల బురదలాంటి నల్లమట్టి. చాలా దూరం లోతు పెరగదు. అందుకే చిన్నపిల్లలున్న కుటుంబాలకు మిగిలిన తీరాలకన్నా ఇక్కడ భయం తక్కువ. ఫొటోలకు మాత్రం బంగారు రంగు ఇసుక ఉండదు, కాళ్లకు మట్టి అంటుతుంది, తెల్ల బట్టలు ఇక అంతే. తిరుగు దారిలో చిలకలపూడి పాండురంగస్వామి గుడి, బందరు లడ్డు ఉన్నాయి. దిగడానికి మాత్రం మచిలీపట్నం ఊళ్లోనే చోట్లు ఎక్కువ.

కొత్తపట్నం ఒంగోలుకు 20 కిలోమీటర్ల లోపు. జనం తక్కువ. బస తక్కువ. అంగళ్లూ తక్కువే. వందే భారత్‌లో వచ్చి ఒంగోలు లాడ్జిలో దిగి, సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి అటు పోయి వచ్చే ఇద్దరు ముగ్గురికి ఇదే మంచిది. పదిమంది కుటుంబంతో పోతే ఇబ్బంది పడతారు.

తేల్చి చెప్పమంటే ఇలా: నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ కుటుంబాలకు రామాపురంలో మొత్తం ఇల్లు. చిన్నపిల్లలున్న సూర్యాపేట, కోదాడ వాళ్లకు మంగినపూడి. కారు లేని జంటకు రైల్లో ఒంగోలు. మొదటిసారి పోయే ఇద్దరు ముగ్గురికి సూర్యలంక హరిత, అదీ కార్తీకం, మాఘ పౌర్ణమి కాని రోజుల్లో. మహబూబ్‌నగర్ వాళ్లకు మూడు రోజుల సెలవులో, లేదంటే శుక్రవారం రాత్రి సాగర్‌లో ఆగి, వాడరేవు.

ఎప్పుడు పోవాలి

జనవరి నుంచి మార్చి మొదటి వారం వరకు గాలి చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో బుక్ చేస్తే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు అడ్వాన్సు తిరిగిస్తారా అని ముందే అడగండి. మే నెలలో ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. అదీగాక తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తాజా చేపలు తక్కువ, ధర ఎక్కువ. చేపల కోసమే పోయేవాళ్లు ఆ రెండు నెలలు మానుకోండి. శివరాత్రి వారాంతం కూడా వద్దు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్లకు జనం పోటెత్తుతారు, రోడ్డు గంటలకొద్దీ కదలదు.

నీళ్లలో

మన పిల్లలు బావుల్లో, కాలువల్లో ఈత నేర్చినవాళ్లు. ఆ ఈత సముద్రంలో చాలదు. ఒడ్డుకు తోసుకొచ్చిన నీళ్లు ఇసుక దిబ్బల మధ్య సందు చూసుకుని లోపలికి పరుగెత్తుతాయి. ఆ సందు దగ్గర అలలు తక్కువగా, నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. చూడ్డానికి అదే మంచి చోటు అనిపించి అక్కడే దిగుతారు, అక్కడే కొట్టుకుపోతారు. చుట్టూ అలలు విరుగుతూ మధ్యలో ఒక చారిక మాత్రం మామూలుగా ఉంటే దాన్ని వదిలేయండి. లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డుకు ఎదురీదొద్దు, దమ్ము అయిపోతుంది. తీరానికి అడ్డంగా, ఎడమకో కుడికో ఈది సందు దాటాక ఒడ్డు వైపు తిరగాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది. పిల్లలకు మోకాలు, పెద్దలకు నడుము, అంతకు మించి వద్దు. జెల్లీ చేప తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, సముద్రపు నీళ్లతోనే కడగాలి. ఊపిరి ఆడకపోతే చీరాల, బాపట్ల రెండింటిలోనూ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రులున్నాయి. 108కి ఫోన్ చేయండి.

చేపలు, సామాన్లు, తిరుగు దారి

చెరువు రవ్వలు, బొచ్చెలు, కొరమీను తినే మనకు సముద్రపు చేప వాసన మొదట్లో ఎక్కువనిపిస్తుంది. వంజరం, చందువలతో మొదలుపెట్టండి, వాసన తక్కువ, ముళ్లు తక్కువ. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బి తేటగా, వేలితో నొక్కితే గుంట పడకుండా ఉన్నదే కొనండి. శుభ్రం చేశాక మూడో వంతు దాకా బరువు పోతుంది. ఎనిమిది మందికి పూటకు మూడు కిలోల పచ్చి చేప సరిపోతుంది. రొయ్యలైతే తల, పొట్టు తీస్తే సగమే మిగలొచ్చు, ఆ లెక్కన కొనండి. ఉప్పు, పసుపు పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగితే వాసన తగ్గుతుంది. కారం, చింతపండు, జొన్నపిండి, బియ్యం మూడు కిలోలు ఇంటి నుంచే తెచ్చుకోండి. మంచి కత్తి, లైటర్, పది మీటర్ల తాడు, బట్టల క్లిప్పులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, టార్చ్ కూడా. పొందుగుల దగ్గర రాష్ట్రం దాటేచోట వాహనాలు తనిఖీ చేస్తారు. తెలంగాణ మద్యం సీసాలు కారులో పెట్టుకుని దాటొద్దు.

కారును తడి ఇసుక మీదకు తోలొద్దు. చక్రం దిగబడితే యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. నాలుగు టైర్లలో గాలి 18, 20 పీఎస్‌ఐ దాకా తగ్గించి, చక్రం ముందు ఇసుక తవ్వేసి, కింద కారు మ్యాట్లు వేసి, మెల్లగా ఒకటో గేరులో కదిలించాలి. రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపాలి. చిన్న గాలి పంపు కారులో ఉండటం అందుకే మంచిది.

ఇంటికి చేపలు తేవాలంటే థర్మాకోల్ డబ్బాలో చేప ఎంతో మంచు అంత. కింద మంచు, మధ్యలో శుభ్రం చేసిన చేప, మీద మళ్లీ మంచు. అడుగున చిన్న రంధ్రం పెట్టి, కరిగిన నీళ్లు పోవడానికి డబ్బాను ప్లాస్టిక్ టబ్బులో ఉంచండి. చేప ఆ నీళ్లలో నానితే మెత్తబడుతుంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా వాడరేవు నుంచి కదిలితే చీకటి పడకముందే కృష్ణ దాటుతారు. వాడపల్లిలో కృష్ణ, మూసీ కలిసేచోట అగస్త్యేశ్వరస్వామి గుడి దగ్గర కాసేపు ఆగి టీ తాగి, ఏడెనిమిదింటికల్లా నల్లగొండ చేరవచ్చు. మరునాడు పొద్దున కారును పైన మాత్రమే కాక కింది భాగం, చక్రాల లోపలి వైపు, బ్రేకుల దగ్గర మంచినీళ్లతో గట్టిగా కడిగించండి. ఉప్పు అక్కడే పేరుకుపోయి ఆరు నెలల తర్వాత తుప్పు రూపంలో బయటపడుతుంది.